చెల్కకు ఏ పంట, రేగడికి ఏ పంట: నల్లగొండ, పాలమూరు నేలల పోలిక

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎవరినైనా "మీ భూమి ఎట్లాంటిది?" అని అడిగితే సమాధానం రంగుతోనే వస్తుంది. ఎర్రచెల్క అంటారు, నల్లరేగడి అంటారు, దుబ్బ అంటారు, చౌడు అంటారు. చెల్క అంటే ఇసుక పాలు ఎక్కువున్న తేలిక నేల, రేగడి అంటే బంకమట్టి నేల, దుబ్బ అంటే ఇసుక నేల, చౌడు అంటే ఉప్పు చేరిన నేల. ఈ పేర్లు తరాల అనుభవం నుండి పుట్టినవి కాబట్టి వాటిని తేలికగా తీసుకోకూడదు. అయితే పంట ఎంచుకునే వేళ రంగు సగం సంగతే చెబుతుంది. మిగిలిన సగం ఆ మట్టి ఎంత లోతు ఉంది, దాని కింద ఏముంది అన్న దానిలో ఉంటుంది. అడుగు లోతులో మొరం తగిలే ఎర్రచెల్కనూ, నాలుగు అడుగుల దాకా మెత్తగా దిగే ఎర్రచెల్కనూ ఒకే పేరుతో పిలిచి, రెండింటిలోనూ ఒకే పంట వేసి నష్టపోవడం మన ప్రాంతంలో ఏటా కనిపించే దృశ్యం. అందువల్ల ఈ పోలికలో రంగు కన్నా లోతుకు, లోతు ద్వారా నేల పట్టుకునే పదునుకు, అంటే తేమకు, ఎక్కువ చోటు ఇస్తున్నాను.

లోతు ఎందుకు అంత ముఖ్యమో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఇసుక పాలు ఎక్కువగా ఉన్న చెల్క మట్టి ఒక మీటరు లోతుకు సుమారు 100 మిల్లీమీటర్ల నీటిని పైరుకు అందేలా పట్టుకోగలదు. మంచి రేగడి అదే లోతుకు 150 నుండి 200 మిల్లీమీటర్ల వరకు పట్టుకుంటుంది. ఎదిగిన పైరు రోజుకు నాలుగైదు మిల్లీమీటర్లు తాగుతుంది. అంటే అడుగు లోతు చెల్క నిండా తడిసినా దానిలోని నీరు వారం రోజులకు మించి రాదు. మీటరు లోతు రేగడి నెల రోజుల పైన పైరును నిలబెడుతుంది. దక్షిణ తెలంగాణలో ఏడాదికి 600 నుండి 850 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుండి సెప్టెంబరు లోపలే కురుస్తుంది. జూలై, ఆగస్టు నెలల్లో పదిహేను, ఇరవై రోజులు వాన లేక బెట్ట రావడం కొత్త కాదు. వారం రోజుల నీటి నిల్వ ఉన్న నేలలో ఇరవై రోజుల బెట్టను ఏ పంట తట్టుకుంటుంది, ఏది తట్టుకోదు అన్నదే వర్షాధారపు సేద్యంలో అసలు ప్రశ్న.

ఒకే ఊరిలో మూడు నాలుగు రకాల నేలలు ఎందుకు ఉంటాయన్న దానికి కూడా కారణం ఉంది. ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం కింద గ్రానైటు, నైసు రాళ్ళే పరుచుకొని ఉన్నాయి. గుట్ట పక్కన, ఎత్తు మీద వాన నీరు మెత్తని మట్టిని కిందికి కొట్టుకుపోతుంది కాబట్టి అక్కడ గరుసు, రాళ్ళు కలిసిన పలుచని ఎర్రనేల మిగులుతుంది. వాలు మధ్యలో కొంత బంక కలిసిన, లోతైన ఎర్రనేల ఏర్పడుతుంది. పల్లంలో, చెరువుల కింద, వాగుల పక్కన మెత్తని మట్టితో పాటు సున్నము, లవణాలు కూడా చేరి నల్లనేలగానో, మురుగు పోయే దారి లేకపోతే చౌడుగానో మారుతుంది. కాబట్టి మీ పొలం వాలులో ఎక్కడ ఉందో చూస్తే దాని స్వభావం చాలావరకు ఊహించవచ్చు. దేవరకొండ, మునుగోడు, మర్రిగూడ వైపు గరుసు చెల్కలు ఎక్కువ. గద్వాల, ఆలంపూర్ వైపు కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డలో, మక్తల్ వైపు లోతైన నల్లరేగళ్ళు కనిపిస్తాయి. హుజూర్‌నగర్, మఠంపల్లి, మేళ్ళచెరువు వైపు కింద సున్నపురాయి ఉండడం వల్ల అక్కడి నేలల్లో సున్నం పాలు హెచ్చు. పాత రెవెన్యూ లెక్కల్లో ఉన్న తరి (నీటి పారకం ఉన్నది), ఖుష్కి (మెట్ట) అనే విభజన నీటి వసతిని బట్టి చేసినదే తప్ప నేల స్వభావాన్ని బట్టి చేసినది కాదు; పహాణీలో తరి అని ఉన్నంత మాత్రాన ఆ నేల వరికి అనువైనదని అనుకోకూడదు.

ముందు గుంత, తరువాత విత్తనం

పంట నిర్ణయించే ముందు వేసవిలో పొలంలో రెండు మూడు చోట్ల మూడు అడుగుల గుంత తవ్వి చూడాలి. తోట పెట్టదలచుకుంటే ఆరు అడుగులు తవ్వాలి. ఎంత లోతులో మొరం తగిలింది, మధ్యలో తెల్లని సుద్ద లేదా సున్నపు గుండ్లు ఉన్న పొర వచ్చిందా, గడ్డపార కూడా దిగని గట్టి పొర ఉందా అన్నవి గమనించాలి. మట్టిని తడిపి అరచేతుల మధ్య నులిమితే చెల్క తాడులా సాగకముందే విరిగిపోతుంది, బంకమట్టి సన్నని తాడులా సాగి వంచినా విరగదు. గుంతను సాయంత్రం నీటితో నింపి మరునాడు చూడడం మరొక మంచి పరీక్ష. తెల్లవారినా నీరు నిలిచే ఉంటే అక్కడ పండ్ల చెట్ల వేళ్ళకు ఊపిరి ఆడదని అర్థం.

ఈ సలహా వెనుక మా కుటుంబ అనుభవం ఉంది. పైన చూడముచ్చటగా ఉన్న ఎర్రమట్టిని నమ్మి మా పెద్దలు రెండెకరాల్లో బత్తాయి పెట్టారు. మూడేళ్ళు మొక్కలు ఏపుగా పెరిగాయి. నాలుగో ఏట ఆకులు పసుపు రంగుకు తిరిగి, కొమ్మలు చివరల నుండి ఎండడం మొదలైనప్పుడు తవ్వి చూస్తే రెండున్నర అడుగుల కింద పలకలా సుద్ద పొర ఉంది. వేళ్ళు అక్కడి దాకా వచ్చి పక్కకు తిరిగి ఉన్నాయి. ఒక పూట కూలితో తేలే విషయం నాలుగేళ్ళ కష్టం తరువాత తెలిసింది.

పలుచని చెల్కలో పత్తి, పల్లి, కంది, ఆముదం

ఈ నాలుగింటి మధ్య ఎంపికే మన రైతును అన్నిటికన్నా ఎక్కువగా తికమక పెడుతున్నది కాబట్టి దీనిని కొంత విపులంగా చూడాలి. ఒకప్పుడు నల్లగొండ, పాలమూరు చెల్కల్లో జొన్న, సజ్జ, ఆముదం, కంది ఎక్కువగా కనిపించేవి. ఇప్పుడు అడుగు లోతు గరుసు నేలల్లో కూడా పత్తే కనిపిస్తున్నది. అమ్మకం తేలిక కావడం, ఊరంతా అదే వేయడం దీనికి కారణాలు. పత్తి చెడ్డ పంట కాదు, కానీ అది 150 నుండి 180 రోజులు నేలలో ఉండే పంట. దానికి ఎక్కువ నీరు కావలసినది కాయ ఊరే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. నైరుతి వానలు అక్టోబరులో వెళ్ళిపోతాయి. అప్పటికి లోతైన నేల ఉంటే అందులోని పదునుతో కాయ నిండుతుంది. అడుగు లోతు చెల్కలో ఉన్న పైరు మొదటి విడత కాయతోనే ఆగిపోతుంది, ఆకులు ఎర్రబారతాయి, గూడ, అంటే లేత మొగ్గ, రాలుతుంది. ఆకు ఎర్రబారడంలో మెగ్నీషియం లోపం పాత్ర కూడా ఉంటుంది, దానికి లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు కలిపి పిచికారీ చేస్తే కొంత ఫలితం ఉంటుంది. కానీ నీటి కొరతను ఏ పిచికారీ తీర్చదు. అందుకే రెండు అడుగుల కన్నా తక్కువ లోతు ఉన్న, తడి పెట్టే వసతి లేని చెల్కలో పత్తిని ప్రధాన పంటగా వేయవద్దన్నది నా అభిప్రాయం. వేసే పక్షంలో తొలకరి చినుకులకే తొందరపడకుండా, తేలిక నేలలో 50 నుండి 60 మిల్లీమీటర్లు, బరువు నేలలో 60 నుండి 75 మిల్లీమీటర్ల వాన పడిన తరువాతే విత్తాలి. మృగశిరలో ఒక జల్లుకు పొడి దుక్కిలో గింజ వేసి, మొలక ఎండి, రెండోసారి విత్తనం కొనే దుస్థితి చాలావరకు ఇక్కడే తప్పుతుంది.

పల్లికి తేలికైన ఎర్రనేల సహజంగా సరిపోతుంది. పూసిన తరువాత కాయ కట్టే ఊడలు నేలలోకి సులువుగా దిగాలి, పీకేటప్పుడు కాయ మట్టిలో ఉండిపోకుండా రావాలి. ఈ రెండూ దుబ్బలో, చెల్కలో జరిగినట్టు రేగడిలో జరగవు. పంట కాలం కూడా నాలుగు నెలల లోపే. పూత, ఊడల దశలో ఎకరానికి 200 కిలోల జిప్సం మొదళ్ళ దగ్గర వేసి మట్టి ఎగదోస్తే, కాయకు కావలసిన కాల్షియం, గంధకం అంది గింజ నిండుతుంది. చెల్కలో ఈ రెండూ తక్కువ కాబట్టి ఇది మానకూడని ఖర్చు. ఇబ్బంది రెండు చోట్ల ఉంది. ఎకరానికి 60 నుండి 80 కిలోల గింజలు కావాలి కనుక విత్తనానికే పెద్ద మొత్తం ముందుగా పెట్టవలసి వస్తుంది. వానాకాలంలో సరిగ్గా ఊడలు దిగే వేళ బెట్ట వస్తే దిగుబడి సగానికి పడిపోతుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట వైపు రైతులు బోరు కింద యాసంగి పల్లికి మొగ్గు చూపడం వెనుక ఈ అనుభవమే ఉంది.

ఆముదం గురించి ఈ కాలంలో మాట్లాడేవారు తక్కువయ్యారు, కానీ గరుసు చెల్కకు దానికన్నా ఓర్పుగల పంట మరొకటి కనబడదు. వేరు లోతుకు, రాళ్ళ సందుల్లోకి కూడా పోతుంది. బెట్టకు ఆగి, వాన పడగానే తిరిగి చిగురిస్తుంది. మూడు నెలల నుండి గెలలు విడతలుగా కోతకు వస్తాయి కనుక ఒక విడత దెబ్బతిన్నా మరొకటి చేతికందుతుంది. పశువులు, అడవి పందులు దాని జోలికి రావు. అమ్రాబాద్ అడవి అంచున ఉన్న పొలాలకు ఇది చిన్న విషయం కాదు. దాని బలహీనత గెలపై వచ్చే బూజు తెగులు. గెల వేసే సమయంలో ముసురు పట్టి చల్లగా ఉంటే ఆ విడత పోయినట్టే. పాలమూరు ప్రాంతంలోనే ఉన్న పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం ఏళ్ళ తరబడి ఆముదం మీద పని చేస్తున్నది కాబట్టి అక్కడి రకాలను అడిగి తెచ్చుకోవడం మేలు.

కంది విషయంలో రకమే పంటను నిర్ణయిస్తుంది. 170, 180 రోజుల రకాన్ని చెల్కలో వేస్తే డిసెంబరులో కాయ నిండే వేళకు నేలలో తేమ ఉండదు. పాలెం నుండి వచ్చిన ఉజ్వల, అంటే పి.ఆర్.జి. 176, 130 నుండి 135 రోజుల్లో కోతకు వస్తుంది కనుక తేలిక నేలకు సరిపోతుంది. నా మట్టుకు నేను పలుచని చెల్కలో ఒక్క పంటనే నమ్ముకోవడం కన్నా, ఏడు సాళ్ళ పల్లికి ఒక సాలు కంది, లేదా ఐదు సాళ్ళ ఆముదానికి ఒక సాలు కంది వేయడమే మంచిదంటాను. వాటి వేళ్ళు వేరువేరు లోతుల్లో నీరు తాగుతాయి, కోతకు వేరువేరు కాలాల్లో వస్తాయి. రెండు మూడు అడుగుల లోతున్న చెల్క అయితే పత్తికి కూడా అవకాశం ఇవ్వవచ్చు, అక్కడ కూడా నాలుగు నుండి ఆరు సాళ్ళకు ఒకటి చొప్పున కంది ఉండాలి.

నల్లరేగడిలో

ఇక్కడ పరిస్థితి తిరగబడుతుంది. నీరు తక్కువై కాదు, ఎక్కువైనప్పుడు వదలక పైరు చెడుతుంది. తడిస్తే ఉబ్బి బంకగా అంటుకునే ఈ నేల, ఎండితే చేయి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. దున్నడానికి, విత్తడానికి తగిన పదును కొద్ది రోజులే ఉంటుంది. ఆ రోజులు తప్పితే నాగలి దిగదు, లేదా ట్రాక్టరు దిగబడుతుంది. కాబట్టి రేగడి ఉన్న రైతు సొంత పనిముట్లో, అడగ్గానే వచ్చే ట్రాక్టరో చూసుకొని పెట్టుకోవాలి.

పత్తి నిజంగా చెందవలసిన నేల ఇదే. దీర్ఘకాలపు కంది కూడా ఇక్కడ బాగా పండుతుంది. పక్కనున్న తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు రావడానికి అక్కడి సున్నం కలిసిన నల్లనేలలు కూడా కారణమే. కొడంగల్, నారాయణపేట వైపు నేలలు ఆ కోవకు దగ్గరగా ఉంటాయి. పత్తి, కంది రెండింటిలో కందికి పెట్టుబడి తక్కువ, రాలిన ఆకుతో నేలకు సత్తువ చేరుతుంది. అయితే ఏటేటా అదే పొలంలో వేస్తే ఎండు తెగులు నేలలో పాతుకుంటుంది, మధ్యలో జొన్న వేసి మార్చడం అవసరం. మురుగు పోని పల్లపు రేగడిలో వాన నిలిస్తే పత్తి, కంది రెండూ దెబ్బతింటాయి కనుక ప్రతి ఏడెనిమిది సాళ్ళకు ఒక కాలువ తీయాలి.

ఆలంపూర్, మానొపాడు వైపు రైతులు చేసే మరొక ఎంపిక గమనించదగ్గది. వానాకాలంలో పెసర వంటి రెండు నెలల పంట తీసి, లేదా నేలను ఖాళీగా దున్ని ఉంచి, అక్టోబరు, నవంబరు మొదటి పక్షంలో శనగ వేస్తారు. నేలలో నిలిచిన పదునుతో, మంచుతో, ఒక్క తడి లేకుండానే శనగ పండుతుంది. లోతైన రేగడి, బోరు లేని రైతుకు పత్తి కన్నా ఇది ఎక్కువ నిలకడ గల దారి అని నేను నమ్ముతాను. రేగడిలో పల్లి వేయాలనుకునేవారు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. సున్నం ఎక్కువైతే ఇనుము అందక ఆకులు తెల్లగా పాలిపోతాయి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము సల్ఫేటు), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం వారం కొట్టవలసి వస్తుంది. ఎండిన రేగడిలో కాయ పీకడం మరో యాతన.

బోరు కింద వరి, బత్తాయి, యాసంగి పల్లి

1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీరు వదిలిన తరువాత మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాల్లో వరి విస్తరించింది. కాలువ నీరు, బరువు నేల ఉన్న చోట వరి వద్దనడానికి కారణం లేదు. సమస్య బోరు కింది చెల్కది. వరి పొలం రోజుకు 10 మిల్లీమీటర్ల నీరు తీసుకున్నా ఎకరానికి 40 వేల లీటర్లవుతుంది, చెల్కలో నీరు కిందికి ఇంకిపోతుంది కాబట్టి ఇంకా ఎక్కువ కావాలి. గ్రానైటు పగుళ్ళలో ఉన్న నీటిని తోడే బోరు మార్చి నాటికి తగ్గిపోవడం మనకు తెలిసినదే. అదే నీటితో యాసంగి పల్లి రెట్టింపు విస్తీర్ణంలో పండుతుంది. అందుచేత బోరు కింద చెల్క ఉన్నవారు తిండికి కావలసినంత వరి వేసుకొని మిగతా భూమిని పల్లికి, కూరగాయలకు ఇవ్వడం సబబు.

నల్లగొండకు పేరు తెచ్చిన బత్తాయి ఐదో ఏట నుండి పంటనిచ్చి, బాగా చూసుకుంటే ఇరవై ఏళ్ళ పైన నిలుస్తుంది. దానికి నీరు ఇంకే, ఐదారు అడుగుల లోతున్న ఎర్రనేల కావాలి. ఉదజని సూచిక (పి.హెచ్.) 6.5 నుండి 7.5 మధ్య ఉండాలి. నల్లరేగడిలో, సున్నం ఎక్కువున్న నేలలో పెడితే వేరుకుళ్ళు, బంక తెగులు, జింకు, ఇనుము లోపాలు వెంటాడుతాయి. పల్లి ఎండితే ఒక పంట పోతుంది, బత్తాయి ఎండితే పదేళ్ళు పోతాయి. కరువు ఏళ్ళలో ట్యాంకర్లతో తోటలకు నీరు పోసిన రైతుల బాధ ఈ జిల్లా మరిచిపోలేదు. కాబట్టి నేల ఎంత మంచిదైనా, కరువు ఏట మే నెలలో కూడా ఆగకుండా పోసిన బోరు లేనివారు బత్తాయికి దిగకూడదు. కొల్లాపూర్ వైపు ఉన్న మామిడి ఈ విషయంలో కొంత ఓర్పు గలది; వేరు పట్టిన తరువాత తక్కువ నీటితో నిలుస్తుంది, సున్నపు పొర మాత్రం దానికీ పడదు.

నీటి స్వభావాన్ని కూడా నేలతో పాటు పరీక్షించాలి. ఈ ప్రాంతపు గ్రానైటు నుండి నీటిలోకి ఫ్లోరైడు చేరినట్టే, చాలా బోర్లలో సోడియం బైకార్బొనేటు కూడా ఎక్కువ. అటువంటి నీటిని ఏళ్ళ తరబడి పారిస్తే మంచి చెల్క కూడా గట్టిపడి చౌడు వైపు తిరుగుతుంది.

చౌడు, చెరువు మట్టి

పైన తెల్లని పొడి తేలితే అది పాలచౌడు, నల్లగా జిడ్డుగా ఉండి నీరు ఇంకకపోతే కారుచౌడు. పాలచౌడుకు మురుగు కాలువ తీసి మంచి నీటితో లవణాలను కడిగివేయడమే మందు. ఉదజని సూచిక 8.5 దాటిన కారుచౌడుకు పరీక్ష చెప్పిన మోతాదులో జిప్సం వేసి, నీరు నిలిపి, బయటికి తీసి, జీలుగ పచ్చిరొట్ట పెంచి కలియదున్నాలి. మొదటి రెండేళ్ళు వరి తప్ప మరే పంట ఆశించకూడదు. పప్పు పంటలు అక్కడ మొలకలోనే చస్తాయి.

చెల్క రైతుకు అందుబాటులో ఉన్న మంచి మార్గం చెరువు పూడిక మట్టి. అది చెల్కలోని ఇసుకతో కలిసి పదును పట్టే శక్తిని పెంచుతుంది. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలైన తరువాత ఎందరో రైతులు సొంత ఖర్చుతో తోలుకున్నారు. తోలే ముందు ఆ మట్టిని కూడా పరీక్ష చేయించాలి, చౌడు పల్లం నుండి వచ్చిన పూడిక మేలుకు బదులు కీడు చేస్తుంది. రేగడిలో వేయడం వృథా.

మట్టి పరీక్ష

నమూనాను ఏప్రిల్, మే నెలల్లో, ఎరువు వేయకముందే తీయాలి. ఎత్తు చెల్కకు, పల్లపు నేలకు విడివిడిగా తీయాలి. రెండింటినీ కలిపితే వచ్చే ఫలితం ఏ పొలానికీ పనికిరాదు. ఒక్కో భాగంలో ఎనిమిది, పది చోట్ల ఆరు అంగుళాల లోతు వరకు 'వి' ఆకారంలో తవ్వి, పక్క నుండి పలుచని పొర గీసి, అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అర కిలో మిగిల్చాలి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్ప ఉన్న చోట తీయకూడదు. ఫలితంలో సేంద్రియ కర్బనం 0.5 శాతం కన్నా తక్కువ అని వస్తే, మన చెల్కల్లో తరచుగా అట్లాగే వస్తుంది, యూరియా పెంచడానికి ముందు పశువుల ఎరువు, పచ్చిరొట్ట గురించి ఆలోచించాలి. జింకు 0.6 పి.పి.ఎం. (పది లక్షల పాళ్ళలో 0.6 పాలు) కన్నా తక్కువ ఉంటే వరి, బత్తాయి వేసేవారు జింకు సల్ఫేటు తప్పక వేయాలి. తోట కోసం అయితే ఆరు అడుగుల గుంతలో అడుగుకొక నమూనా చొప్పున విడివిడి సంచుల్లో, ప్రతి సంచిపై లోతు రాసి పంపాలి. నల్లగొండ వైపు వారికి కంపాసాగర్, పాలమూరు వైపు వారికి పాలెం పరిశోధన స్థానాలు దగ్గర. ఫలితాల కాగితంతో పాటు గుంతలో చూసిన లోతును, పొలం వాలును కూడా అక్కడి శాస్త్రవేత్తలకు చెబితే వారిచ్చే సలహా మీ పొలానికే సరిపోయేదిగా ఉంటుంది.